మా కార్డుకి మెట్ల తలుపు తెరిపించండి సార్

మహారాజశ్రీ హెచ్చార్ హెడ్ గారి దివ్యసముఖమునకు,

గచ్చిబౌలి ఆఫీసు ఆరో అంతస్తు ఉద్యోగి నమస్కరించి వ్రాయునది.

పోయిన సోమవారం మీరు పంపిన ఫిట్‌నెస్ సర్వే అందింది. మొదటి ప్రశ్న: జుంబా క్లాసు పొద్దున ఏడింటికి కావాలా, ఏడున్నరకి కావాలా? వద్దనడానికి గడి లేదు. పిల్ల నచ్చిందా అని అడక్కుండా ముహూర్తం ఏడింటికా, ఏడున్నరకా అన్నట్టుంది. జుంబా టీచరుకి అడ్వాన్సు కూడా ముట్టిందని క్యాంటీన్లో చెప్పుకుంటున్నారు. పేరు గోప్యంగా ఉంచుతామని పైన రాసి, దాని కిందే ఎంప్లాయీ ఐడీ తప్పనిసరి అని ఎర్ర చుక్క పెట్టారు. ఇక నిజమెవడు రాస్తాడు? అందుకే ఈ ఉత్తరం.

మాలో సగం మందికి అమెరికా కాల్స్ అయ్యేసరికి రాత్రి పదకొండు. ఎల్బీనగర్ నుంచి వచ్చేవాడు ఏడింటి జుంబాకి అందుకోవాలంటే ఐదింటికే లేవాలి. వాడికి కావలసింది వ్యాయామం కాదు, నిద్ర.

నిరుడు రెండు ట్రెడ్‌మిల్లులు కొన్నారు. ఎవరూ ఎక్కడం లేదని టౌన్‌హాల్లో బాధపడ్డారు కూడా. అవి పెట్టింది గాజు గదిలో సార్. ఎదురుగా డెలివరీ మేనేజర్ క్యాబిన్. మధ్యాహ్నం మూడింటికి అందులో పరిగెత్తేవాణ్ణి చూస్తే ఆయనకేమనిపిస్తుందో అప్రైజల్లో తెలుస్తుంది. చెమట పడితే ఒళ్లు కడుక్కునే చోటు లేదు. ఆడవాళ్లు బట్టలు మార్చుకోవాలంటే వాష్‌రూమ్‌లో ఒంటికాలి మీద నిలబడాలి, వాళ్లకి దక్కే వృక్షాసనం అదే. ప్రస్తుతానికి ఆ ట్రెడ్‌మిల్లుల మీద వానాకాలం గొడుగులు ఆరుతున్నాయి.

ఆఫీసులో పెట్టిన పదివేల అడుగుల పోటీ సంగతీ చెప్పాలి. ఆ పదివేల అంకె ఎక్కడిదనుకున్నారు? 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే యంత్రాన్ని అమ్ముకోవడానికి పెట్టిన పేరులోంచి వచ్చింది. మా టీమ్‌లో గెలిచినవాడు వాచీని ఉయ్యాల తాడుకి కట్టాడు. న్యాయంగా బహుమతి వాళ్ల పాపకి రావాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దవాళ్లకి చెప్పింది వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ. ఐదు రోజులకి పంచితే కనీసం రోజుకి అరగంట. ఆ అరగంటలో ఎవరూ మీటింగు పెట్టకూడదని ఒక్క మెయిలు కొట్టండి, మా తిప్పలు మేం పడతాం. నడిచేవాళ్లు నడుస్తారు, షటిల్ ఆడేవాళ్లు ఆడతారు. నడుం నొప్పివాడికి కాస్త మంచి కుర్చీ వస్తే చాలు. కుర్చీ అంటే గుర్తొచ్చింది, మా అంతస్తు తుడిచే అమ్మకి మీ సర్వే రాలేదు. ఆవిడ రోజంతా వంగి లేస్తుంది. కావలసిందేమిటని అడిగితే, కూర్చోడానికి ఓ కుర్చీ అంది.

వ్యాయామానికి క్లాసే కావాలనీ లేదు. లండన్ డబుల్ డెక్కర్ బస్సుల మీద 1953లో జెర్రీ మారిస్ బృందం ఒక పరిశోధన అచ్చు వేసింది. కూర్చుని నడిపే డ్రైవర్లకన్నా, టిక్కెట్ల కోసం మెట్లెక్కి దిగే కండక్టర్లకి గుండెజబ్బు తక్కువని తేలింది. వాళ్లకి జుంబా ఎవరూ నేర్పలేదు. బస్సులో మెట్లున్నాయంతే.

మెట్లు మనకీ ఉన్నాయి. లిఫ్టు పక్కన 'మెట్లు ఎక్కండి, ఆరోగ్యంగా ఉండండి' అన్న పోస్టరూ మీదే. నమ్మి ఒకరోజు ఆరంతస్తులూ ఎక్కాను. పైన తలుపు దగ్గర కార్డు పెడితే ఎర్ర లైటు. ఐదో అంతస్తులో పెట్టాను, నాలుగులో పెట్టాను, అన్నిచోట్లా ఎర్రదే. మళ్లీ కిందికి దిగి లిఫ్టులో వెళ్లాను. వ్యాయామం మాత్రం పుష్కలంగా అయింది.

సెక్యూరిటీ అన్నని అడిగితే ఆ పర్మిషన్ అడ్మిన్ వాళ్లివ్వాలన్నాడు. అడ్మిన్ మీ కిందే కదా సార్. జుంబా కన్నా ముందు అది ఇప్పించండి.

ఇట్లు,
ఆరో అంతస్తు, కిటికీ పక్క సీటు
(ఎంప్లాయీ ఐడీ రాయలేదు, మన్నించాలి)