పత్తిచేను తెలిసిన పిల్లలకు నేను చెప్పిన పువ్వు పాఠం

డేవిడ్ ఆసుబెల్ పేరు నేను బీఎడ్‌లో చదివాను. పరీక్షలో ఆయన సిద్ధాంతం మీద ప్రశ్న వచ్చింది, రాశాను, మంచి మార్కులే పడ్డాయి. తర్వాత గద్వాల ప్రాంతంలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం టీచరుగా చేరి, ఆయన ఏది చేయవద్దన్నాడో ఏళ్ల తరబడి అదే చేశాను. చదువుకోనివాడు చేస్తే అది తెలియనితనం. చదివి, పరీక్ష రాసి, నెగ్గి కూడా చేశాను కాబట్టి నాది మూర్ఖత్వం. అది ఎలా జరిగిందో ఇప్పుడైనా నాకు నేను సరిగ్గా చెప్పుకోవాలి. ఎందుకంటే దానివల్ల నష్టపోయింది నేను కాదు, నా ముందు బెంచీల మీద కూర్చున్న పిల్లలు.

ఆసుబెల్ 1918లో న్యూయార్క్‌లో పుట్టిన మనస్తత్వవేత్త. వైద్యం కూడా చదివాడు. 1963లో ఒక పుస్తకం, 1968లో విద్యా మనోవిజ్ఞానం మీద మరో పెద్ద గ్రంథం రాశాడు. ఆయన చెప్పింది ఇది: కొత్త విషయం మనసులో దానంతట అది నిలవదు. అప్పటికే అక్కడ ఉన్న ఏదో ఒక భావాన్ని పట్టుకుంటేనే నిలుస్తుంది, దానితో కలిసి పెరుగుతుంది. అదే అర్థవంతమైన అభ్యసనం. పట్టుకోవడానికి ఏమీ దొరక్క మాటకు మాట గుర్తుపెట్టుకుంటే అది బట్టీ. మా గద్వాల చీరలో ఒళ్లు నూలు, అంచు పట్టు. మగ్గం మీద ఉండగానే అంచు పోగునూ ఒంటి పోగునూ ఒకదానిలో ఒకటి చిక్కించి నేస్తారు. అలా కలవని అంచు ఎంత మేలిరకం పట్టయినా చీరలో భాగం కాదు. అందుకే పాఠం ఎత్తుకునే ముందు టీచరు తెలుసుకోవలసిన మొదటి సంగతి, పిల్లల దగ్గర ఇప్పటికే ఏముందన్నది. నేను ఒక్కనాడూ తెలుసుకోలేదు. వాళ్ల దగ్గర ఏమీ లేదనే నమ్మకంతో తరగతిలో అడుగుపెట్టేవాణ్ణి.

వాళ్ల దగ్గర ఏముందో చెబుతాను. కృష్ణా తుంగభద్రల నడుమనున్న మా నడిగడ్డ విత్తనం కోసం పెంచే సీడ్ పత్తికి పేరుపడ్డ ప్రాంతం. గట్టు, మల్దకల్, ధరూరు, అయిజ వైపు వానాకాలంలో ఏ ఊరికి వెళ్లినా క్రాసింగ్, అంటే చేత్తో పూలు కలిపే పనే. చేనులో ఆడ సాళ్లు వేరు, మగ మొక్కలు వేరు. మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను మధ్యాహ్నం దాటాక ఆడ మొక్క మీద వెతికి పట్టుకుంటారు. బొటనవేలి గోరు మొగ్గ అడుగున దింపి గుండ్రంగా తిప్పితే రేకులూ, వాటితోపాటు కేసరాల గొట్టమూ ఊడి వస్తాయి. మధ్యలో సన్నని కీలం ఒక్కటే మిగలాలి. గోరు లోతుగా దిగితే కాయ పోతుంది, పైపైన తిప్పితే పుప్పొడి మిగిలి విత్తనం చెడుతుంది. మర్నాడు పొద్దున మగ పువ్వు తెంపుకొచ్చి ఆ కీలం కొనకు పుప్పొడి అద్దుతారు. ఒక్క మగ పువ్వు కొన్ని ఆడ పూలకు సరిపోతుంది. క్రాసింగ్ ముగిశాక కొత్తగా వచ్చే మొగ్గలన్నీ గిల్లేస్తారు, దానంతట అది పట్టిన కాయ విత్తనంలో కలవకూడదని. ఇలా తయారయ్యేదే హైబ్రిడ్ విత్తనం. 1970లో సూరత్‌లో సి.టి.పటేల్ రూపొందించిన హెచ్-4, వాణిజ్యంగా సాగుకు వచ్చిన తొలి హైబ్రిడ్ పత్తి. మన దేశంలో హైబ్రిడ్ పత్తి వ్యాపారం చాలావరకు ఈ చేతిపని మీదే నిలబడింది. ఆ పని నా తరగతిలో సగంమందికి తెలుసు.

అలాంటి తరగతిలో నేను బోర్డు మీద మందారపువ్వు గీశాను. రక్షక పత్రాలు, ఆకర్షణ పత్రాలు, కేసరావళి, అండకోశం అని భాగాలు గుర్తించి, ద్విలింగ పుష్పం అంటే ఏమిటో రెండు వాక్యాల్లో రాయించి, అప్పజెప్పమన్నాను. ఒక అమ్మాయి లేచి అడిగింది: "సార్, పత్తిల ఆడ చెట్లు వేరే, మగ చెట్లు వేరే ఉంటయి గదా. మందారల ఒక్క పువ్వులనే రెండూ ఎట్లుంటయి?"

పుస్తకంలో ఉన్నది రాయమ్మా, పరీక్షలో పత్తి అడగరు అన్నాను. ఆమె కూర్చుంది. మళ్లీ నన్ను ఏమీ అడగలేదు.

నా సర్వీసు మొత్తంలో నేను విన్న ప్రశ్నల్లో అంత విలువైనది మరొకటి లేదు. పత్తీ, మందారమూ, బెండా ఒకే కుటుంబం. మూడింట్లోనూ కేసరాలు గొట్టంలా కలిసి కీలాన్ని చుట్టుకుని ఉంటాయి. పత్తిపువ్వు కూడా ద్విలింగ పుష్పమే. చేలో ఆడ మొక్క అని పిలిచేది పుట్టుకతో ఆడది కాదు. ఆ అమ్మాయి గోరే రోజూ దాన్ని ఆడదిగా చేస్తోంది. ఆమె చేతికి తెలిసిన ఈ సంగతి ఆమె మనసుకు ఇంకా చేరలేదు. ఒక్క ప్రశ్న చాలేది: "మరి నువ్వు మొగ్గలోంచి గోరుతో తీసి పారేసేది ఏమిటి?" కేసరాలు, కీలాగ్రం, ఆత్మ పరాగ సంపర్కం, పర పరాగ సంపర్కం అన్నీ ఆ జవాబులోంచి బయటికొచ్చేవి. మిగిలిన మొగ్గల్ని చివర్లో ఎందుకు గిల్లుతారో కూడా ఆమే చెప్పేది. నేను చేసిందల్లా ఆమెకు తెలిసినదాన్ని బడి గడప అవతల వదిలేసి రమ్మనడం. ఆమె పొరపాటు అభిప్రాయం అలాగే మిగిలింది. దాని పక్కన నా రెండు వాక్యాలు విడిగా పడి ఉన్నాయి, పరీక్ష అయ్యేదాకా.

చాలా కాలానికి ఒక సాయంత్రం తెలిసినవాళ్ల చేలో నిలబడి ఆడ సాలులోని మొగ్గ ఒకటి విప్పి చూశాను. పుప్పొడి తిత్తులు నిండుగా ఉన్నాయి. ఆ ప్రశ్న అప్పుడు నాకు అర్థమైంది. ఇంటికొచ్చి ఆసుబెల్‌ను మళ్లీ చదివాను. ఈసారి ఆయన మాటలు పట్టుకోవడానికి నా దగ్గర ఒకటుంది: నేను నోరు మూయించిన ఆ పిల్ల.

అయినా వెంటనే మరో తప్పుదారి పట్టాను. ఉపన్యాసం మానేసి పిల్లలచేత పనులు చేయిస్తే చాలనుకున్నాను. పూలు తెప్పించి కోయించాను, చార్టులు గీయించాను. చార్టులు గోడ నిండా వచ్చాయి, జవాబులు మాత్రం పాత జవాబులే. ఆసుబెల్ ఇక్కడే గట్టిగా హెచ్చరించాడు. టీచరు చెప్పడమా, పిల్లలే కనుక్కోవడమా అన్నది ఒక లెక్క. బట్టీనా, అర్థవంతమా అన్నది మరో లెక్క. రెంటినీ కలిపేయకూడదు. పాతదానితో ముడిపడితే టీచరు చెప్పిన మాట కూడా అర్థవంతంగానే నిలుస్తుంది. ముడిపడకపోతే కత్తెర పట్టి చేసిన ప్రయోగం కూడా బట్టీయే. నేను పద్ధతిని మార్చాను కానీ పిల్లల్ని అడగడం ఇంకా మొదలుపెట్టలేదు.

వనపర్తి వైపు బదిలీ అయ్యాక మొదలుపెట్టాను. అక్కడ వేరుశనగ పంట ఎక్కువ. పాఠం ఎత్తకముందే పల్లికాయ ఎక్కడ కాస్తుందని అడిగితే, చాలామంది వేరుకే అన్నారు. తప్పని కొట్టేయకుండా, కలుపు తీసేటప్పుడు ఊడలు చూశారా అని అడిగాను. చూడనివాళ్లు లేరు. ఆ ఊడ ఎక్కడ మొదలైందని అడిగాను. మర్నాడు మొక్క పీక్కొచ్చారు. పసుపు పువ్వు వాడిన చోటు నుంచి ఊడ కిందికి దిగి, మట్టిలోకి దూరి, కొన దగ్గర కాయగా ఉబ్బడం వాళ్లే చూపించారు. ఫలదీకరణ తర్వాత అండాశయం కాయగా మారుతుందన్న వాక్యం నేను ఆ తర్వాతే రాశాను. రాయగానే వాళ్లది అయింది.

నాగర్‌కర్నూల్ వైపు ఆముదం తెలిసిన పిల్లలు దొరికారు. బిజినేపల్లి దగ్గరి పాలెం వ్యవసాయ పరిశోధన స్థానం ఆముదం హైబ్రిడ్లకు ప్రసిద్ధి. ఆముదం గెలలో కింది పూలు మగవి, పై పూలు ఆడవి. చెట్టు ఒకటే, పూలు వేరు. పత్తిలో పువ్వు ఒకటే, లోపలి భాగాలు వేరు. రెంటినీ పక్కపక్కన పెట్టి తేడా చెప్పమంటే ఏకలింగ, ద్విలింగ అన్న మాటలు పిల్లలకు అవసరమై వచ్చాయి. తెలిసినవాటి మధ్య పోలికలూ తేడాలూ తేల్చుకుంటూ పోతే జ్ఞానం ఒక అమరికలో కుదురుకుంటుందని ఆసుబెల్ రాసింది దీని గురించే.

ఒక మాట దాచకుండా చెప్పాలి. పత్తిచేను పిల్లలకు నేర్పినదాన్ని గౌరవించమంటున్నానంటే, పిల్లలు చేలో ఉండాలని కాదు. క్రాసింగ్ రోజుల్లో ఖాళీ అయిన బెంచీలు చూశాను, పురుగుమందు కొట్టిన చేలో వంగి పనిచేసిన చిన్న ఒళ్లు చూశాను. 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలందరికీ చదువును హక్కు చేసింది, వాళ్లుండవలసింది బడిలోనే. కానీ చేలోంచి బడికొచ్చిన పిల్లకు నువ్వు ఇన్నాళ్లూ నేర్చుకున్నది చదువు కాదని చెబితే, ఆమెను బడిలో నిలిపే కారణాన్ని మనమే తీసేసినట్టు. నేను నెలల తరబడి హాజరు కోసం కేకలేశాను. వచ్చినవాళ్లకు ఇక్కడ విలువ ఉందని చూపించలేదు.

2016 అక్టోబరులో ఉమ్మడి పాలమూరు జిల్లా విడిపోయి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ జిల్లా కేంద్రాలయ్యాయి. కొత్త టీచర్లు వస్తున్నారు. నాలాగే వాళ్లూ ఆసుబెల్ మీద పరీక్ష రాసి వస్తారు. వాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే. పాఠం తెరవకముందు ఒక ప్రశ్న వేయండి, పిల్లలు చెప్పింది తప్పొప్పులతో సహా వాళ్ల మాటల్లోనే రాసుకోండి, మీ పాఠం అక్కడి నుంచి మొదలుపెట్టండి. అందుకోసం సిద్ధం చేసుకొచ్చిన ప్రణాళికను మార్చవలసి వస్తే మార్చండి. ఏడాది పొడవునా ఒక్కసారి కూడా మార్చవలసి రాలేదంటే, మీరు అడుగుతున్నారు కానీ వినడం లేదు.