మాయలేడి, మా ఆవిడ పళ్ళెం

మీతో చెప్పుకుంటే తప్పేముంది, మీ ఇంట్లోనూ ఇలాంటిదేదో జరిగే ఉంటుంది. రిటైరైన నెలలోనే నేను చిత్రకారుణ్ణయిపోయాను.

చిన్నప్పుడు చందమామ అట్టలు చింపి ట్రంకుపెట్టెలో దాచుకున్నవాణ్ణి. వాటిమీది వడ్డాది పాపయ్యగారి బొమ్మలు చూసి, ఆయన శిష్యుణ్ణని నాకు నేనే ప్రకటించుకున్నాను. ఆయన 1992లో పోయారు, ఈ సంగతి తెలియకుండానే. అదృష్టవంతులు.

మొదట జటాయువుని వేద్దామనుకున్నా. భద్రాచలంలో కాపురముంటూ ఆ పక్షిని వదులుతామా? మా అబ్బాయి అడ్డుపడ్డాడు. "నాన్నా, జటాయువు పడిందనే ఎటపాక 2014లో ఆంధ్రాలోకి వెళ్ళిపోయింది. పక్షి ఇప్పుడు మనది కాదు." రెక్క తెగాక కూడా రాష్ట్రం దాటిన పక్షి అదొక్కటే. సరే, పర్ణశాల మనకే ఉందిగా అని మాయలేడికి దిగాను.

ఊహ మాత్రం గొప్పది, ఒప్పుకోండి. సీతవాగు ఒడ్డున బంగారు లేడి. వాల్మీకి చెప్పినట్టే ఒంటినిండా వెండి చుక్కలు, కొమ్ముల కొసల్లో మణులు. వంగి నీళ్ళు తాగుతుంటుంది. నీళ్ళలో మాత్రం మారీచుడి మొహం! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా ఆవిడకీ పట్టనివ్వలేదు.

పదిరోజులు వేశాను. లేడిని సరిగ్గా నడిమధ్యన నిలబెట్టాను. మా అమ్మాయి చూసి "ఆధార్ ఫోటోలా ఉంది నాన్నా" అంది. లెక్కచెయ్యలేదు. తర్వాత మా ఆవిడ వచ్చింది, చేతిలో పప్పు గరిటె.

మా ఊళ్ళో గోదావరికి మూడు ప్రమాద హెచ్చరికలు. 43 అడుగులకి మొదటిది, 48కి రెండోది, 53కి మూడోది. మా ఆవిడకీ అంతే. "ఏవండీ" మొదటిది. "ఏవండోయ్" రెండోది. ఏమీ అనకుండా చూసిందంటే మూడోది, సామాన్లు సర్దుకోవాలి.

"ఏవండీ, సూర్యుడు ఎడమపక్కనుంటే నీడా ఎడమకే పడిందేం?"

"అది మాయలేడి" అన్నాను.

"లేడి మాయదైతే ఎండా మాయదేనా?"

ముప్ఫై ఏళ్ళుగా డాబా మీద వడియాలు పెడుతూ, వేపచెట్టు నీడ గంటగంటకీ ఎటు జరుగుతుందో కనిపెట్టుకున్న మనిషితో వాదించడం నాదే తప్పు. మర్నాడు నీడని కుడికి మార్చాను. ఆ ఊపులోనే నీళ్ళలో ప్రతిబింబాన్నీ కుడికి ఒరగబెట్టాను.

"ఏవండోయ్."

స్టీలు పళ్ళెం తెచ్చి నీళ్ళు పోసింది. బొమ్మలకొలువు మట్టిజింకని అంచున నిలబెట్టి, పక్కనుంచి సెల్‌ఫోన్ లైటు వేసింది. లైటు తిప్పినకొద్దీ నీడ తిరుగుతోంది. ప్రతిబింబం మాత్రం కదలదు, జింక కాళ్ళకిందే తిన్నగా వేలాడుతోంది. ఇంకో చిక్కు. నేనేమో పైలేడిని ట్రేసింగ్ కాగితం మీదికెక్కించి తలకిందులుగా దించేశాను. పళ్ళెంలో అలా లేదు. పైన వీపు కనిపిస్తుంటే, నీళ్ళలో పొట్టా, గడ్డం కిందిభాగమూ కనిపిస్తున్నాయి. మెరుపూ ఒక పిసరు తగ్గింది.

అంతటితో ఊరుకుందా? ఆ నీళ్ళు పారబోసి బియ్యం కడిగిన నీళ్ళు పోసింది. ప్రతిబింబం మసకబారింది, నీడ పైకి తేలింది.

"తేటనీళ్ళ మీద నీడ నిలవదండీ, అడుక్కి పోతుంది. వరద గోదారి మీదైతే పడవ నీడ చాపలా పరుచుకుంటుంది. మీరు రెండిటినీ ఒకే వాగులో కుక్కారు."

ఆవిడ పుట్టిల్లు దుమ్ముగూడెం, ఏటి ఒడ్డున పెరిగింది. నేను ఖమ్మంలో కుళాయి పక్కన పెరిగాను.

నా ఆఖరి అస్త్రం మారీచుడు. "మరి ఆ ఊహ?" అన్నాను.

"నీళ్ళలో రాక్షసుడు అంత బాగా కనిపిస్తుంటే సీతమ్మకి కళ్ళు లేవా?"

మూడో హెచ్చరిక ఎగరేసేలోపు మా అబ్బాయి అందుకున్నాడు. "అమ్మా, అది మారీచుడేనని లక్ష్మణుడు చెప్పాడుగా. ఆయన ఎక్కడ నిలబడ్డాడంటావ్?"

ముగ్గురూ పళ్ళెం చుట్టూ చేరారు. జింక వెనకనుంచి చూస్తే నీళ్ళలో ఎదుటి కిటికీ తప్ప జింక లేదు. ఎదురుగా కూర్చుంటే జింక మొత్తం ఉంది. అంటే సీతమ్మ లేడి వెనక, పర్ణశాల గుమ్మంలో. బొమ్మ చూసేవాడు అవతలి ఒడ్డున. మా అమ్మాయి పాత క్యాలెండరు వెనక అగ్గిపెట్టెలంత గళ్ళు నాలుగు గీసి, లేడిని ఒక పక్కకి తోసి, సీతమ్మని దూరంగా పైమూలన చిన్నగా పెట్టింది.

"చూసేవాళ్ళే లక్ష్మణుడన్నమాట" అంది మా ఆవిడ.

నేనూ సరిగ్గా అదే అనబోతున్నాను. ఎవరూ నమ్మలేదు.

బొమ్మ మళ్ళీ మొదటినుంచీ వేస్తున్నాను. సంతకం మాత్రం నాదే. మీరూ ఇలాంటి పనికి దిగితే పళ్ళెం అడిగి తీసుకోండి. మొన్న నేను అడక్కుండా తీశాను. ఆవిడ ఏమీ అనలేదు, చూసింది.