పోటీకి రాని వాళ్ల పార్టీ

ఫోన్‌లో కాసేపు ఆడుకుందామనుకోవడం ఈ రోజుల్లో ఎంట్రెన్సుకు దరఖాస్తు పెట్టుకోవడమే. పొద్దున్నే నాలుగు స్పానిష్ ముక్కలు నేర్చుకుందామని డుయోలింగో తెరిచిన పెద్దమనిషి సంగతే చూడండి. కొన్ని పాఠాలు కాగానే ఆయన్ని, మాటవరసకైనా అడక్కుండా, ముక్కూమొహం తెలియని జనంతో కలిపి 30 మంది దాకా ఉండే ఒక గుంపులో పడేస్తారు. కాంస్యం నుంచి వజ్రం దాకా 10 మెట్లు. వారం తిరిగేసరికి పైన ఉన్నవాళ్లు పై మెట్టుకు, అడుగున ఉన్నవాళ్లు కింది మెట్టుకు. ఆదివారం రాత్రి భోజనం మానేసి ఆయన ‘పిల్లి పాలు తాగుతోంది’ అని స్పానిష్‌లో పదే పదే కొడుతుంటాడు. స్పానిష్ వచ్చిందా అని అడిగే నాథుడు లేడు.

మనకిది మరీ కొత్తేం కాదు. ‘ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు’ అని టీవీలో ర్యాంకుల ప్రకటన అరుస్తుంటే అన్నం కలుపుకున్న జాతి మనది. ఎంసెట్ దాటి, ఆఫీసులో అప్రైజల్ దాటి, రిటైరయ్యాక తీరిగ్గా రంగు మిఠాయిలు జత చేసుకుందామని కూర్చుంటే అక్కడా వరసే. 2012లో ఫేస్‌బుక్‌లోకి వచ్చిన క్యాండీ క్రష్ సాగా, ఎవరు ఏ లెవెల్లో ఉన్నారో దారి పొడవునా ఫొటోలు పెట్టి మరీ చూపించేది. వియ్యపురాలి ఫొటో నలభై లెవెళ్ల అవతల నవ్వుతూ కనిపించాక ఇంకేం కాలక్షేపం?

పోటీ వద్దనుకునేవాళ్లకు దారి లేకపోలేదు. డుయోలింగోలో ప్రొఫైల్‌ను ప్రైవేటు చేసుకుంటే లీగు బెడద పోతుంది. అంటే ఊళ్లో ఉంటూ పరుగు పందెం మానేస్తానంటే కుదరదు, వానప్రస్థం పుచ్చుకోవాలి. ఆ అడవికి దారి సెట్టింగుల్లో వెతుక్కోవాలి.

‘తప్పుకునే వీలిస్తే ఆటలో మజా ఏముంటుంది?’ అని వీరాభిమానులు అడుగుతారు. ఈ వాదానికి తీర్పు పాతికేళ్ల కిందటే వచ్చింది. 1997లో అల్టిమా ఆన్‌లైన్ అనే ఆట మొదలైంది. అందులోని బ్రిటానియా రాజ్యంలో కత్తి పట్టినవాడే కాదు, గనిలో ఇనుము తవ్వుకునేవాడు, రొట్టెలు కాల్చుకునేవాడు కూడా ఉండొచ్చు. ఉంటే దారి కాచి చంపేవాళ్లు తయారయ్యారు. అంతెందుకు, ఆట ఇంకా పరీక్షల్లో ఉండగానే, ఆగస్టులో, దాని సృష్టికర్త రిచర్డ్ గ్యారియట్ లార్డ్ బ్రిటిష్ వేషంలో ప్రజలకు దర్శనమిస్తుంటే రెయిన్జ్ అనే ఆటగాడు మంట రాజేసి ప్రభువునే లేపేశాడు. సర్వర్ పడిపోయి లేచాక, చావులేని వరాన్ని మళ్లీ ఆన్ చేసుకోవడం దేవుడు మరిచాడట!

చివరికి 2000లో ఆ లోకాన్ని రెండు చేశారు. ఫెలుక్కాలో పాత పద్ధతే. ట్రామెల్‌లో మాత్రం ఒప్పుకోనివాడి మీద చెయ్యి వేయడానికి లేదు. జనంలో ఎక్కువమంది మూటాముల్లె సర్దుకుని ట్రామెల్ చేరారు. ఫెలుక్కాలో మిగిలిన వీరులు ఆట నాశనమైందని గగ్గోలు పెట్టారు. ఎందుకయ్యా, సాటి వీరులు బోలెడంతమంది ఉన్నారుగా, కొట్టుకోండి అంటే మొహాలు వేలాడేశారు. వాళ్లకు కావలసింది పోటీ అయితే చుట్టూ పోటీయే ఉంది. కరువొచ్చింది రొట్టెలవాడికి.

ఇవాళ్టి లీడర్‌బోర్డుల లోగుట్టూ ఇదే. ఒకడు పైన కూర్చోవాలంటే మిగతావాళ్లు కింద ఉండి తీరాలి. కింద ఉన్నవాడికి ఉక్రోషం వస్తే ఇంకో గంట ఆడతాడు, ఇంకాస్త ఉక్రోషమొస్తే కార్డు తీసి బూస్టర్ కొంటాడు. ప్రశాంతంగా ఆడి ఫోన్ పక్కన పెట్టేసేవాడి వల్ల కంపెనీకి ఏం లాభం? చదరంగం సైటు లీచెస్‌లో రేటింగు అంకెలు అసలే కనపడకుండా చేసుకునే వీలుంది. ఆ సైటు విరాళాల మీద నడుస్తుందని వేరే చెప్పక్కర్లేదు.

ఆటల కంపెనీల ఏలినవారికి ఒక మనవి. పోటీ మీటను మొదట ఆఫ్‌లో పెట్టి అమ్మండి. కావలసినవాళ్లు వాళ్లే నొక్కుకుంటారు. ఏ కంపెనీ మీటను ఎంతమంది నొక్కారో ఆ లెక్కతో మీలో మీరు ఒక లీడర్‌బోర్డు పెట్టుకోండి. అందులోంచి తప్పుకునే వీలు మాత్రం అడగకండి.