అద్దాల బీరువా సూత్రాలు: సటీక తాత్పర్యం

మూలం: “ఇవి యంత్రములు కావు, యుగములు. అన్నియు పనిచేయును. ముట్టరాదు.”

అవతారిక. నల్గొండలో ఒక పెద్దమనిషి ఇంటి ముందర గదిలో అద్దాల బీరువా ఉంది. అందులో అరచేతిలో ఇమిడే పాత కంప్యూటర్లు. అద్దం మీద పై మూడు సూత్రాలు, లామినేషన్ చేయించి. సూత్రకారుడు ఆయనే, భాష్యకారుడూ ఆయనే. ఎవరొచ్చినా ముందు సూత్రపఠనం, ఆపైన గంటసేపు భాష్యం, చాయ్ ఆ తర్వాత. ఆ భాష్యంలో మూలానికి జరుగుతున్న అన్యాయం చూడలేక ఈ టీక. టీకాకారుడు మల్లినాథసూరి మాకు దూరపువాడేం కాదు, మెతుకుసీమ కొలిచెలమవాడు. మూలం విడిచి సాము చేయనని, అక్కరలేని మాట రాయనని ఒట్టు పెట్టుకున్నాడు. నాకు అలాంటి ఒట్లేమీ లేవు.

మొదటి సూత్రం. ప్రతిపదార్థం అనవసరం, యంత్రమంటే తెలియనివాడు ఆ బీరువా దాకా రాడు. యుగములన్నది బహువచనం గనక వరుస మాత్రం చెప్పాలి. కృతయుగం 1980: షార్ప్ పీసీ-1211. జేబులో పట్టే కంప్యూటర్, లోపల బేసిక్ భాష, ప్రోగ్రామ్‌కు 1,424 స్టెప్పుల జాగా. త్రేత 1984: ఇంగ్లండువాళ్ల సయాన్ ఆర్గనైజర్. ద్వాపరం 1993: ఆపిల్ న్యూటన్. ఈ జాతికి ‘పర్సనల్ డిజిటల్ అసిస్టెంట్’ అని పేరు పెట్టినాయన అప్పటి ఆపిల్ అధిపతి జాన్ స్కల్లీ. పెట్టింది 1992లో, అంటే బిడ్డ పుట్టకముందే తొట్టెల చేశాడు. నీ చేతిరాత నేనే నేర్చుకుంటానని న్యూటన్ మాటిచ్చింది. నేర్వలేక నవ్వులపాలైంది, 1998లో మూతబడింది. కలియుగం 1996: పామ్ పైలట్. ఇది తెలివైనది. నీ రాత నేను నేర్చుకోను, నా రాత నువ్వే నేర్చుకో అంది. గ్రాఫిటీ అని ఒక లిపి చేసి, ఇంగ్లిష్ ‘ఎ’కు అడ్డగీత తీసేసి, ఇట్లా రాస్తేనే చదువుతానంది. లోకం నోరు మూసుకుని దిద్దింది. యుగధర్మం అంటే అదే.

వైటూకే పుణ్యాన అమెరికా పోయిన మన పిల్లలు అప్పట్లో తెచ్చిపడేసిన పామ్‌లే బీరువాలో ఎక్కువ. వాటిలో దేనికీ మన ఒత్తుల గొడవ పట్టలేదు. మన భాషల వంక చూసిన చేతికంప్యూటర్ ఒకటుంది: బెంగళూరు సింప్యూటర్. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ఆచార్యులూ ఎన్‌కోర్ కంపెనీవాళ్లూ కలిసి తలపెట్టారు. 2001లో నమూనా చూపారు. లోపల లినక్స్, చదువురానివాడికి మన భాషల్లో చదివి వినిపించాలన్న ఆశ, ఒకే యంత్రాన్ని ఊరంతా పంచుకునేలా మనిషికో స్మార్ట్ కార్డు. 2004లో భారత్ ఎలక్ట్రానిక్స్ తయారు చేస్తే, అమిడా పేరుతో బజారుకు వచ్చింది. బజారు దాన్ని పట్టించుకోలేదు. మన సూత్రకారుడి బీరువాలోనూ అది లేదు. ఏం సార్ అనడిగితే “అది లోకల్ మాల్ సార్” అన్నాడు. కనుక యుగములన్నచోట ‘ఫారిన్ యుగములు’ అని పాఠాంతరం గ్రహించాలి.

రెండో సూత్రం: అన్నియు పనిచేయును. ఏం పని అని పూర్వపక్షం. సమాధానం ప్రత్యక్ష ప్రమాణంతో చూపిస్తానని ఆయన ఒక పామ్ వెనక మూత తీశాడు. సన్న సెల్లులు రెండు, కొనల మీద పచ్చటి చిలుము. గోటితో గీకి, ఊది, కొత్త సెల్లులు వేశాడు. బూడిదరంగు తెర వెలిగింది. చుక్క మీద పుల్లతో పొడవమంది. పొడిచాడు. ఇంకో మూలన పొడవమంది. పొడిచాడు. ఆపైన తెరుచుకుంది. పేర్ల పట్టికలో ఒక్క పేరు లేదు. ఉండదు, ఆ పామ్‌లకు జ్ఞాపకమంతా సెల్లు ప్రాణం మీదే. కొత్త సెల్లు వేయడానికి నిమిషమే గడువు, దాటితే అంతా మరుపు. “చూసిన్రా, పనిచేస్తది” అన్నాడాయన. కనుక పనిచేయుట అనగా వెలుగుట, పొడిపించుకొనుట, ఏమీ గుర్తులేకుండుట.

న్యాయంగా ఒక మాట. ఆయనకు బేసిక్ వచ్చు. షార్ప్ బుడ్డ మీటల మీద వరుస నంబర్లు వేసుకుంటూ ప్రోగ్రామ్ ఎక్కించడం కళ్లారా చూశాను. ఆ విద్య డాబు కాదు. ఎక్కించిందేమో వందలోపు ప్రధాన సంఖ్యల పట్టిక. ఇంత విద్య పెట్టుకుని కరెంటు బిల్లు రాయొచ్చు కదా సార్ అన్నాను. “చిల్లర లెక్క” అన్నాడు.

చిల్లర కాదు. ఇక్కడ ఒక విశేషం చెప్పాలి, చిన్నదే. వ్యాకరణంలో ఉత్సర్గం అని సామాన్య సూత్రం ఉంటుంది, దాన్ని ఫలానా చోట పక్కకు నెట్టే అపవాదం ఉంటుంది. అపవాదం ఎంత బలమైనదైనా తన హద్దులోనే చెల్లుతుంది. (సంస్కృతమే కంప్యూటర్‌కు తగిన భాష అని పొద్దున్నే ఫోన్లకు పంపే పండితుల్లో నన్ను కలపకండి, నేను మాట్లాడేది మీటరు సంగతి.) తెలంగాణలో ఇంటి మీటరుకు 2022 ఏప్రిల్‌లో వచ్చిన రేట్లు ఇవి: 50 దాకా యూనిట్‌కు 1.95, అక్కణ్నుంచి 100 దాకా 3.10. ఫిక్స్‌డ్ చార్జీలవీ పక్కన పెడితే సరిగ్గా 100 కాలిన ఇంటికి 252 రూపాయల 50 పైసలు. మరి 101 కాలితే? ఆ ఒక్కదానికే కొత్త రేటు పడాలి కదా. అట్లా పడదు. వంద దాటిన మరుక్షణం మొదటి వందకూ రేటు 3.40 అవుతుంది, పైదానికి 4.80. మొత్తం 344.80. ఆ ఒక్క యూనిట్ ఖరీదు 92 రూపాయల 30 పైసలు. రెండు వందల కాడ మళ్లీ ఇదే: 200 అయితే 820, 201 అయితే 1,027.70. నూటొకటో యూనిట్ వెనక్కి నడుచుకుంటూ పోయి, ఒకటో తారీఖున కాలిపోయిన మొదటి యూనిట్ గల్లా పట్టి ధర మారుస్తుంది. వ్యాకరణ సూత్రాల వ్యాఖ్యానం కాశికావృత్తిలో వెతికినా ఇట్లాంటి అపవాదం దొరకదు. పాణినికి అంత ధైర్యం లేదు.

దీని మీద ఇంకో అపవాదం 2024 మార్చిలో ఎక్కింది: గృహజ్యోతి. అర్హులైన ఇంటికి 200 యూనిట్ల దాకా జీరో బిల్లు. దాటితే మొత్తం కట్టాలి. మా వీధిలో ఒక అవ్వ బిల్లు పిలగాణ్ని నిలేసింది. “ఏందిరా బిడ్డా, పోయిన్నెల సున్నా గదా?” “రెండొందలు దాటిందవ్వా.” “ఎంత దాటింది?” “మూడు యూనిట్లు.” “మూడు యూనిట్లకు వెయ్యి రూపాలా?” వాడు చేతిలో మిషన్ వంక చూశాడు. దానికి అంకెల మీటలున్నాయి, ప్రింటు మీట ఉంది, జవాబు మీట లేదు. పిలగాడు రెండు రోజులు ఆలస్యంగా వస్తే ఆ రెండు రోజుల ఫ్యానే స్లాబు దాటించిందా అన్న అనుమానం ఇంటింటా ఉంది. చీటీ చూసి తేల్చుకుందామంటే సగం పొట్టి ఇంగ్లిష్ అక్షరాలు. ఆ చీటీలో సిరా ఉండదు, వేడి తగిలితే నల్లబడే పూత. పాలమూరు ఎండలో కిటికీ కాడ గుచ్చిపెట్టండి, దసరాకు తెల్లకాయితం. కట్టిన బిల్లు మళ్లీ బాకీ చూపిస్తే, రుజువుగా ఆ తెల్లకాయితం పట్టుకుని ఆఫీసు మెట్లెక్కండి. తాళపత్రాలే నయం, చెదలు పట్టినచోటైనా కనిపించేది.

ఇంతకూ ప్రకృతం బీరువా.

మూడో సూత్రం: ముట్టరాదు. ఇది నిషేధవాక్యం. దేన్ని నిషేధిస్తున్నదో తెలియాలంటే ముట్టే యంత్రాన్ని చూడాలి. బిల్లు పిలగాడి మిషన్ కూడా చేతికంప్యూటరే. పొద్దున ఆఫీసులో వీధి లెక్కలన్నీ ఎక్కించుకుంటుంది. సర్వీస్ నంబరు కొడితే పాత రీడింగు చూపిస్తుంది, కొత్తది కొడితే స్లాబులన్నీ దాటుకుంటూ లెక్కకట్టి కడుపులోంచి చీటీ కక్కుతుంది. మెడకు తాడు, మూలలకు టేపు, చెమటకు అరిగి ఐదో అంకె పోయిన మీట. దేవరకొండ బస్సులో కండక్టరమ్మ చేతిలోది దీని తోబుట్టువు. 2023 డిసెంబర్ 15 నుంచి అది ఆడవాళ్లకు జీరో టికెట్ కొడుతున్నది. సున్నాను ఇన్నిసార్లు అచ్చువేసిన చేతికంప్యూటర్లు ప్రపంచంలో ఇంకెక్కడున్నాయో సూత్రకారుడు చెప్పాలి.

ఇప్పుడు బిల్లుకు ఫోనూ, నడుముకు బ్లూటూత్ ప్రింటరూ వచ్చాయి. పాత మిషన్లు కిలోల లెక్కన తుక్కుకు పోతున్నాయి. ఒకటి సంపాదించి బీరువాలో పెట్టండి సార్, దాంట్లో ప్రోగ్రామ్ విప్పి చదివితే మొదటి యూనిట్ ధర మారేది ఏ వరుసలో రాశారో తేలుతుంది, మీకు ఆ విద్య ఉంది అన్నాను. ఆయన నా వంక జాలిగా చూశాడు. “అది వింటేజ్ కాదు సార్, గవర్నమెంట్ సామాను.”

అక్కడ లోకల్ మాల్, ఇక్కడ గవర్నమెంట్ సామాను. గోలకొండ కవుల సంచికకు సురవరం ప్రతాపరెడ్డి 354 మంది కవులను పోగుచేసినప్పుడు వీడు లోకల్ అని ఎవరినీ తీసేయలేదు. తెలంగాణలో కవులే లేరన్నందుకే 1934లో ఆ పుస్తకం వచ్చింది. ఈ మాట సూత్రకారుడితో అనలేదు, అప్పటికింకా చాయ్ రాలేదు.

ఫలశ్రుతి. ఈ టీకను శ్రద్ధగా చదివినవారికి జీరో బిల్లు వచ్చుగాక. ఫ్యాను కింద కూర్చుని రెండుసార్లు చదివినవారికి హామీ లేదు.