మార్జిన్ కొట్టిన రాతలు

కర్నూలు పక్క కల్లూరులో ఒక డిగ్రీ కాలేజీ ఉంది. పేరు అడగొద్దు. ఊహలోనిదే అనుకోండి, నాకు లాయరు ఖర్చు మిగులుతుంది. ఆ కాలేజీ నోటీసు బోర్డుకు ఈ మధ్య ఒక సర్క్యులర్ అంటించారు. రెండో ఏడు పిల్లలకు ‘సృజనాత్మక రచన’ అని తెలుగు పేపరు ఉంది కదా, ఆ క్లాసులో ఎట్లా మసలుకోవాలో చెప్పే నియమావళి అది. ఉన్నత విద్యామండలి వారు 2020-21లో డిగ్రీ సిలబస్ మార్చినప్పుడు, పిల్లలు పద్యాలు బట్టీ పట్టడంతో ఆగకుండా కథ రాయాలి, వార్త రాయాలి, అనువాదం చేయాలి అన్నారు. మంచి మాటే. మండలి నుంచి నోటీసు బోర్డు దాకా వచ్చేసరికి ఆ మంచి మాటకు ఐడీ కార్డు తగిలించారు.

సర్క్యులర్ ఇంగ్లీషులో ఉంది. తెలుగు ఎట్లా రాయాలో ఇంగ్లీషులో చెప్పడమేంటని ఆశ్చర్యపోకండి. 2021-22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ చదువంతా ఇంగ్లీషు మీడియం. రేపు కాలేజీలకు గ్రేడ్లిచ్చే న్యాక్ వాళ్లు వచ్చి ఫైలు అడిగితే తెలుగు కాగితం చూపిస్తారా? ఇక నియమాలు. క్లాసుకు తెల్ల లాంగ్ నోటుబుక్కు, దానికి ఖాకీ అట్ట, ఎడమ వైపు మూడు సెంటీమీటర్ల మార్జిన్ ఉండాలి. శీర్షికకు నల్ల పెన్ను, విషయానికి నీలం పెన్ను వాడాలి. ఎరుపు సార్‌కు రిజర్వు. సొంత అభిప్రాయం ఉంటే చివర్లో రెండు వాక్యాలకు మించకుండా రాసుకోవచ్చు. లేకపోతే మరీ మంచిది. ఐడీ కార్డు లేనిదే కవిత రాయకూడదని ఎక్కడా లేదు గానీ, కార్డు లేనివాణ్ణి గేటు దగ్గరే ఆపేస్తారు కాబట్టి అక్కడికి అదే లెక్క.

హాజరు డెబ్బై అయిదు శాతం. ఇక్కడ కాలేజీ చాలా గట్టిగా ఉంటుంది, ఎందుకంటే ప్రభుత్వం ఇచ్చే ఫీజు డబ్బులు కూడా ఆ డెబ్బై అయిదునే పట్టుకుని వేలాడతాయి. కొంచెం తగ్గితే డాక్టరు సర్టిఫికెట్ జతచేసి, కాండొనేషన్ ఫీజు కట్టి గట్టెక్కవచ్చు. అంటే రోగం వచ్చినవాడికి దారి ఉంది. ఆకలి వేసినవాడికి ఫారంలో గడి లేదు.

కోసిగి వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉండే పిల్లవాడొకడు సంక్రాంతి ముందు సెలవు చీటీ రాశాడు. “సార్, మా అమ్మా నాయనా గుంటూరు పక్క సుగ్గికి పోతాండారు. ఈ తూరి వాన లేక పత్తి సరిగా రాలేదు. ముందే మేస్త్రీ తావ అడ్వాన్సు తీసుకునుండాం. నేనూ పోతే తొందరగా తీరుతాది. మిరపకాయలు కోసేకి పోతాండాను, కోత అయినాంక వస్తాను.” కారణం, ఊరు, అప్పు, తిరిగొచ్చే సమయం అన్నీ నాలుగు ముక్కల్లో చెప్పేశాడు. ఒక్క మాట తీసేయడానికి లేదు. వార్త ఎట్లా రాయాలో చెప్పే పాఠానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ సిలబస్ పుస్తకంలో కూడా దొరకదు.

సుగ్గి అంటే కోతకూలికి వలస పోవడం. ఆఫీసులో ఆ చీటీ చెల్లలేదు. “సుగ్గి అంటే కుదరదు నాయనా, జ్వరం అని రాసుకొనిరా” అన్నారు. పిల్లవాడు కొత్త కాగితం తీసుకుని, మార్జిన్ కొట్టి, టైఫాయిడ్ రాశాడు. సర్టిఫికెట్ ఎక్కడ పుట్టిందో నేను అడగలేదు, మీరూ అడగొద్దు. చీటీ మంజూరైంది. సృజనాత్మక రచనలో ఆ ఏడాది కాలేజీ సాధించిన ఒకే ఒక్క నికరమైన ఫలితం అదే. కోసిగి, పెద్దకడుబూరు, మంత్రాలయం పక్క పిల్లలకు జనవరిలో మూకుమ్మడిగా టైఫాయిడ్ ఎందుకు తగులుతుందో, గుంటూరులో మిరపకోత అయిపోగానే అది ఎందుకు దిగిపోతుందో వైద్యశాఖ తేల్చాలి.

ఇక కాపీ సంగతి. యూజీసీ 2018లో పరిశోధకుల కోసం నిబంధనలు తెచ్చింది. సిద్ధాంత గ్రంథంలో పోలిక పది శాతం దాకా ఉంటే శిక్ష లేదు. నలభై లోపయితే ఆరు నెలల్లో సరిదిద్ది ఇవ్వాలి. అరవై దాటితే రిజిస్ట్రేషనే రద్దు. మన కాలేజీ దాన్ని ఉన్నదున్నట్టు దింపి, డిగ్రీ పిల్లల అసైన్‌మెంట్లకు వర్తింపజేసింది. “సార్, ఆ పది శాతం మొదట్లో కొట్టాల్నా, చివర్లోనా?” అని అడిగిందొక పాప. న్యాయమైన ప్రశ్న, జవాబు రాలేదు. నంద్యాల చెక్‌పోస్టు దగ్గర జిరాక్స్ అంగడిలో నిరుటి అసైన్‌మెంట్లు స్పైరల్ బైండింగుతో సహా దొరుకుతాయి. ఈ మధ్య వాటికీ గిరాకీ తగ్గింది, ఫోన్లో ఏఐ ఉచితంగా రాసిస్తోంది. ‘మా ఊరు’ మీద వ్యాసం రాయమంటే అరవై మంది ఊళ్లలోనూ పచ్చని పొలాలు, గలగల పారే సెలయేళ్లు వచ్చాయి. అందులో ఆలూరు పిల్లలూ ఉన్నారు. ఆలూరులో సెలయేరు!

కాపీ అంటే గుర్తొచ్చింది, వెనకటికి పక్కనే కడపలో బ్రౌన్ దొర సొంత జీతంలోంచి డబ్బిచ్చి పండితుల చేత తాటాకు గ్రంథాలు కాపీ చేయించాడు. అప్పుడు కాపీకి కూలి ఇచ్చారు. ఇప్పుడు కాపీ కొట్టినవాడే పరీక్ష ఫీజు కడుతున్నాడు. అదే కడప జిల్లాలో, మైదుకూరులో, 2009లో ఒక బడి వాళ్లు తెలుగు మాట్లాడిన పిల్లల మెడలో ఇకపై తెలుగు మాట్లాడనని రాసిన పలకలు కట్టారు. దేశమంతా చూసింది. బహుశా మా ప్రాంతంలో ఇంతమంది శ్రద్ధగా చదివిన విద్యార్థి రచన అదొక్కటే.

పరీక్షలో పిల్లవాడు ఏ తెలుగు రాయాలన్న తగువు కొత్తది కాదు. 1914లో గురజాడ మద్రాసు యూనివర్సిటీకి అసమ్మతి పత్రం రాసింది దీని మీదే. పండితులు గ్రాంథికం అన్నారు, గిడుగు, గురజాడ వాడుక భాష అన్నారు. కనీసం వాళ్లు పిల్లలు ఏదో ఒకటి రాస్తారనీ, దాన్ని ఎవరో ఒకరు చదువుతారనీ నమ్మి కొట్లాడారు. మనకా మూఢనమ్మకాలు లేవు.

పాఠం చెప్పే సార్‌ను తిట్టడానికి నాకు మనసొప్పదు. ఆయన గంటల లెక్కన జీతం తీసుకునే పార్ట్‌టైమ్ లెక్చరరు. పొద్దున కల్లూరు, మధ్యాహ్నం కర్నూలు, సాయంత్రం ట్యూషన్. బండి మీద వెనక నోటుబుక్కుల మూట. ఒక్కో పుస్తకం చదివి దిద్దితే పెట్రోలు డబ్బులు కూడా రావు. అందుకని మార్జిన్ చూసి టిక్కు పెడతాడు. మార్జిన్ అబద్ధం చెప్పదు కదా.

సర్క్యులర్ చివర్లో ‘విద్యార్థుల నుంచి సూచనలు ఆహ్వానిస్తున్నాం’ అని ఉంది. న్యాక్‌లో విద్యార్థుల సంతృప్తికీ మార్కులున్నాయి కాబట్టి ఆ వాక్యం తప్పలేదు. పిల్లలు అమాయకులు, నిజమనుకుని రాశారు. సుగ్గికి పోయినోళ్లు ఆడినుంచే ఫోన్లో రాసి పంపితే దాన్ని హాజరు కింద పట్టుకోమన్నారు. నెలకొక్క వ్యాసమైనా చదివి, ఏది బాగుందో ఏది బాగలేదో చెప్పమన్నారు. మా ఊర్ల మాటకు ఎర్ర గీత పెట్టొద్దన్నారు.

ప్రిన్సిపాల్ గారు వెంటనే స్పందించారు. ముగ్గురు సభ్యులతో కమిటీ వేశారు. కమిటీ సమావేశమైంది, టీ తాగింది, మినిట్స్ సంతకాలతో ఫైల్లోకి చేరాయి. అవి నిరుటి మినిట్సే, తేదీ ఒక్కటి మార్చారు. యూజీసీ లెక్కన చూస్తే పోలిక తొంభై తొమ్మిది శాతం.