గోదారి గట్టున పొన్నుకర్ర

తన సంగతి చెప్పుకునేటప్పుడు ‘నేను’ అనడం ఈ కర్రకు అలవాటు లేదు. అర్జీ రాసేవాడు తనను తాను పక్కన నిలబెట్టి ‘ఈ దరఖాస్తుదారు’ అని రాసుకున్నట్టు, ఇదీ తనను ‘ఈ కర్ర’ అనే చెప్పుకుంటుంది. పుట్టింది పాత ఆదిలాబాద్ జిల్లా వెదురు పొదల్లో. లోపల గుల్ల తక్కువ, బరువు ఎక్కువ. నిర్మల్ సంతలో ఒక మేదరాయన దగ్గర తట్టలు, చాటలు, గంపల నడుమ ఎవరికీ పట్టకుండా పడి ఉండేది. జగిత్యాల నుంచి వచ్చిన ఒక రిటైర్డ్ చరిత్ర సారు దీన్ని చేతిలోకి తీసుకుని, నేలకు తాటించి చూసి, బేరమాడకుండా కొన్నారు. బేరమాడని మనిషి సంతలో కనపడటం అరుదు. మేదరాయన ఆయన వంక అనుమానంగానే చూశాడు.

కింది కొసకు కొలిమిలో ఇనుప పొన్ను వేయించాక దీని బతుకు మారింది. అప్పటిదాకా నేలంటే నేలే. పొన్ను పడ్డాక ఇసుక మీద ఒక మోత, పరుపుబండ మీద ఒక మోత. నల్లరేగడిలో మోతే లేదు, దిగబడటమే. మనుషులు కళ్లతో చూసేది ఈ కర్ర కాలి కొసతో వింటుంది. అందుకే ఈ ఆత్మకథలో గోపురాల వర్ణన తక్కువ, నేల కబుర్లు ఎక్కువ.

సారుకు ఒక పంతం ఉంది. గోదావరి ఒడ్డున ఉన్న పాత రాళ్లను కారు దిగి ఫొటో తీసుకుని వెళ్లిపోవడం కాదు, నది వెంట నడిచి చూడాలి. ఆ నది కందకుర్తి దగ్గర తెలంగాణలోకి వచ్చి, బాసర దాటి, పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్‌లో ఆగి, కిందికి దిగుతుంది. ఆ తర్వాత ఎడమ ఒడ్డు ఆదిలాబాద్, కుడి ఒడ్డు కరీంనగర్ అని ఒకప్పుడు చిన్నపిల్లలు కూడా చెప్పేవాళ్లు. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయాక ఎడమన నిర్మల్, మంచిర్యాల, కుడిన జగిత్యాల, పెద్దపల్లి అని చెప్పుకోవాల్సి వస్తోంది. నడిచేవాళ్లకు ఈ పేర్లతో పనిలేదు. ఎండ ఏ వైపు పడుతోంది, వాగు ఎక్కడ దాటాలి, మంచినీళ్లు ఏ ఊళ్లో దొరుకుతాయి అన్నవే లెక్క.

నడక ధర్మపురి నుంచి మొదలైంది. నరసింహస్వామి గుడి ముందు జనం, పుష్కరాలప్పటి సిమెంటు మెట్లు. సిమెంటు మీద పొన్నుకు ఒకటే మోత, అది ఏ ఊళ్లోనైనా అంతే. మెట్లు దాటి రాయపట్నం వంతెన వైపు ఒడ్డు పట్టుకున్నాకే కర్రకు పని దొరికింది. గొర్రెలు కాస్తున్న ఒక కుర్రవాడు చాలాసేపు వెనకాలే నడిచి, ఉండబట్టలేక అడిగాడు.

“ఏమన్న పారేస్కున్నరా సారూ? కిందికే చూస్కుంట పోతున్నరు.”

“అవును తమ్మీ. రెండు వేల ఏండ్ల కింద.”

వాడు నవ్వలేదు. అక్కడ దిబ్బ మీద ‘చిట్టెం’ ఉంటుందని చెప్పి, చెయ్యి చూపించి, గొర్రెల్ని మళ్లించుకుని పోయాడు.

చిట్టెమంటే ఇనుము కరిగించాక మిగిలిన మడ్డి. నల్లగా, బరువుగా, బుడగలు బుడగలుగా ఉంటుంది. పొన్ను దానికి తగిలినప్పుడు వచ్చిన మోత ఈ కర్రకు ఇంతకు ముందు ఎక్కడా వినపడలేదు. ఇనుము ఇనుమును పలకరించింది మరి. ఉత్తర తెలంగాణలో ఇలాంటి దిబ్బలు ఊరూరా ఉన్నాయి. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో ఉక్కు తయారుచేసే తీరును హెన్రీ వాయిసీ అనే ఆంగ్లేయుడు రాసిపెట్టాడు, అది 1832లో అచ్చయింది. ఆ ఉక్కుకు కావలసిన ముడిఖనిజంలో కొంత నిర్మల్ దగ్గరి దిమ్మదుర్తి నుంచి వెళ్లేది. ఆ ఉక్కు కొనడానికి పర్షియా వ్యాపారులు కోనసముద్రం దాకా వచ్చేవాళ్లు. డమాస్కస్ కత్తులని లోకం మెచ్చుకున్న వాటిలోకి పోయింది ఈ రకం ఉక్కే. 2010లో ఎక్సెటర్ విశ్వవిద్యాలయం, బెంగళూరులోని నియాస్ సంస్థ, చరిత్ర పరిశోధకుడు ఎస్. జైకిషన్ కలిసి ఈ జిల్లాల్లో ఊరూరా తిరిగి కొలుముల ఆనవాళ్లు నమోదు చేశారు. చాలాచోట్ల దిబ్బ పక్కన మమ్మాయి అనే దేవత ఉంటుంది, ఇనుము కరిగించినవాళ్లు కొలిచిన తల్లి. ఇప్పుడు కరిగించేవాళ్లు లేరు. తల్లి ఉంది, బొట్టు ఉంది.

స్మారకం అనగానే రాతి కట్టడమే గుర్తొస్తుంది. ఈ చిట్టెం దిబ్బలూ స్మారకాలేనని సారు అంటారు. ఈ కర్ర ఆ మాటకు పూర్తిగా ఒప్పుకుంటుంది, తన పొన్ను పుట్టిల్లు కాబట్టి కాస్త పక్షపాతం ఉంటే ఉండవచ్చు.

ఇక కోటిలింగాల. పెద్దవాగు గోదావరిలో కలిసేచోట, కుడి ఒడ్డున ఉంది. కోటేశ్వరుడి గుడి దగ్గర నిలబడి చూస్తే ఎదురుగా నది కాదు, సముద్రంలా నిలిచిన నీళ్లు. చరిత్ర పుస్తకాల్లో ఈ ఊరికి ఉన్న చోటు ఒక నాణెం వల్ల వచ్చింది. సాతవాహనుల మొదటి రాజు సిముకుడి పేరు పురాణాల రాజుల జాబితాలో ఉంది, మహారాష్ట్రలోని నానేఘాట్ గుహలో చెక్కి ఉంది. ఆయన వేయించిన నాణెం మాత్రం చాలాకాలం ఎవరికీ తెలియదు. ధర్మపురి ప్రాంతానికి చెందిన సంగనభట్ల నరహరి శర్మ ఈ ఒడ్డున దొరికిన నాణేలను ఓపికగా పోగుచేశారు. శాసన పరిశోధకుడు పి.వి. పరబ్రహ్మశాస్త్రి వాటిని చదివారు. ‘ఛిముక సాతవాహన’ అన్న అక్షరాలు బ్రాహ్మీలో కనిపించాయి. అంతకంటే ముందు ఇక్కడ నాణేలు వేసుకున్న గోభద, నారన, కంవాయస, సమగోప అనే పాలకుల పేర్లూ బయటపడ్డాయి. వాళ్ల గురించి నాణెం తప్ప ఇంకో సాక్ష్యం లేదు. ఆ తర్వాత 1979 నుంచి కొన్నేళ్లపాటు రాష్ట్ర పురావస్తు శాఖ వి.వి. కృష్ణశాస్త్రి ఆధ్వర్యంలో తవ్వి, మట్టికోటను, ఇటుక కట్టడాలను వెలికితీసింది.

ఒక అవ్వ గుడి అరుగు మీద కూర్చుని ఉంది. సారు నాణేల సంగతి ఎత్తగానే ఆమె విసుగ్గా చెయ్యి ఊపింది.

“బిల్లలా? వాన వడ్డంక ఒడ్డుమీద ఏరుకుంటుంటిమి బిడ్డా. తూకానికి అమ్మినోళ్లు అమ్మిండ్రు, గోలీలాడినోళ్లు ఆడిండ్రు. గిప్పుడు అడుగుతె ఏడికెల్లి తెస్తం?”

సారు ఏమీ అనలేదు. కర్ర మీద రెండు చేతులూ ఆనించి కూర్చున్నారు. ఆ బరువు ఈ కర్రకు తెలిసింది.

కోటిలింగాల సాతవాహనుల తొలి రాజధాని అని కొందరు గట్టిగా చెబుతారు, ఇంకొందరు కాదంటారు. రాజధాని కాకపోతే మాత్రం విలువ తగ్గిందా? నది, వాగు, ఇనుము, టంకసాల ఒక్కచోట ఉన్న పట్నం ఇది. అది చాలదూ. ఎల్లంపల్లి దగ్గర శ్రీపాద ప్రాజెక్టు కట్టి 20 టీఎంసీల నీళ్లు నిలిపాక ఈ ఊరు ముంపు గ్రామాల్లో చేరింది, పాత దిబ్బలో చాలా భాగం నీళ్ల కిందికి పోయింది. ఆ నీళ్లు వద్దనడానికి ఈ కర్రకు నోరు రాదు. రామగుండం కరెంటుకు అవే, హైదరాబాద్ మంచినీళ్లకూ అవే. ముంచేముందు దిబ్బంతా తవ్వి చూడాల్సింది కదా అన్నదే గొడవ. తవ్వింది కొంతే. ఎండాకాలం నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు ఒడ్డు బురదలో కుండపెంకులు తేలుతాయి. పొన్ను వాటి మీద పడకుండా సారు జాగ్రత్తగా పక్కకు తిప్పుతారు.

ఇలాంటిదే ఇంకో నది కథ సారు ఆ అరుగు మీదే చెప్పారు. పోర్చుగల్‌లో దౌరు నదికి కోవా అని ఒక ఉపనది. దాని ఒడ్డు బండల మీద ఇరవై వేల ఏళ్లకు పైబడిన గుర్రాలు, అడవి ఎద్దులు, కొండమేకల బొమ్మలు ఉన్నాయి. ఆనకట్ట పని జరుగుతుండగా, 1994 నవంబరులో సంగతి లోకానికి తెలిసింది. అక్కడి బడిపిల్లలు రోడ్డెక్కారు. బొమ్మలకు ఈత రాదు కదా అన్నదే వాళ్ల నినాదం. మరుసటి ఏడాది కొత్త ప్రభుత్వం ఆనకట్ట ఆపేసింది, 1998లో యునెస్కో ఆ లోయను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఇప్పుడు జనం ఆ లోయకు మార్గదర్శకుల వెంట వెళ్లి ఒక్కో బండనూ చూసి వస్తున్నారు. అక్కడ సగం కట్టిన ఆనకట్టను ఆపారు, ఇక్కడ సగం తవ్విన పట్నాన్ని ముంచారు. అవసరాలు వేరు, జనాభా వేరు, ఒప్పుకోవాలి. కానీ ఇక్కడ ఒక్క బడి పిల్లలూ రోడ్డెక్కినట్టు ఈ కర్ర వినలేదు.

గోదావరి వదిలి హుస్సేన్‌మియా వాగు వెంట పోతే పెద్దపల్లి జిల్లా ధూళికట్ట. పత్తి చేల నడుమ మట్టికోట గట్టు, కాస్త దూరంలో బౌద్ధ స్తూపం. 1970లలో తవ్వి తీశారు. స్తూపానికి తొడిగిన సున్నపురాతి పలకల మీద బుద్ధుడు మనిషి రూపంలో ఉండడు, గుర్తులతోనే సరి. బుద్ధుడికి పడగ పట్టిన ముచిలింద నాగుడి పలక వాటిలో పేరుపొందింది. ఆంధ్రులకు 30 ప్రాకార నగరాలు ఉన్నాయని గ్రీకుల రాతల ఆధారంగా రోమన్ రచయిత ప్లినీ రాశాడు. వాటిలో ధూళికట్ట, కోటిలింగాల, పెద్దబంకూరు ఉంటాయని చరిత్రకారుల ఊహ. పెద్దబంకూరులో ఇటుక బావులు, కమ్మరి కొలిమి, వేల కొద్దీ నాణేలు దొరికాయి. కరీంనగర్ మ్యూజియంలో ధూళికట్ట పలకలు ఉన్నాయి. సారు ఈ కర్రను గుమ్మం పక్కన ఆనించి లోపలికి వెళ్లారు కాబట్టి ముచిలిందుడి పడగలు ఎన్నో ఇది చెప్పలేదు.

ఆ దారిలోనే కదంబాపూర్. అక్కడ పురావస్తు శాఖ తవ్వినవి రాకాసి గుళ్లు, అంటే గుండ్రంగా పేర్చిన పెద్ద రాళ్లు, నడుమ సమాధి. ఇంతేసి బండలు మోసింది మనుషులు కాదు, రాక్షసులే అని ఊళ్లలో నమ్మకం. పోర్చుగల్‌లో ఎవోరా దగ్గర ఆల్మెంద్రెస్‌లోనూ తొంభైకి పైగా రాళ్లను వలయంగా నిలబెట్టారు. వాటిని 1960లలో గుర్తించి, కాపాడి, దారి వేశారు. కరీంనగర్ చుట్టుపక్కల రాళ్ల గతి వేరు. గుట్టలకు గుట్టలే గ్రానైటు దిమ్మెలై, లారీలెక్కి, కాకినాడ రేవు నుంచి చైనా దాకా పోయాయి. కుర్క్యాల బొమ్మలగుట్ట మీద పంప కవి తమ్ముడు జినవల్లభుడు పదో శతాబ్దంలో చెక్కించిన మూడు భాషల శాసనం ఉంది. అందులోని కంద పద్యాలు తెలుగులో దొరికిన మొట్టమొదటి కందాలు. ఆ గుట్టకూ క్వారీ భయం తప్పలేదు.

ఎడమ ఒడ్డు మీద నడక తక్కువ, చెప్పేదీ తక్కువే. చెన్నూరు దగ్గర గోదావరి ఉత్తరానికి తిరుగుతుందని అక్కడ స్నానాలు చేస్తారు. ప్రాణహిత వైపు పోతే రాళ్ల వయసే మారిపోతుంది. పాత ఆదిలాబాద్ జిల్లా యామనపల్లి దగ్గర దొరికిన రాతి ఎముకలను భూగర్భ శాస్త్రవేత్త పి. యాదగిరి 1988లో ఒక కొత్త డైనోసార్‌గా ప్రకటించి, కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. హైదరాబాద్ పిల్లలు దాన్ని చూస్తున్నారు. అది దొరికిన నేల మీద ఈ కర్ర నడిచినప్పుడు ఒక బోర్డయినా ఎదురుపడలేదు.

సారు ఇప్పుడు ఒక దారి గీస్తున్నారు. ధర్మపురి, రాయపట్నం, కోటిలింగాల, అక్కడి నుంచి లోపలికి ధూళికట్ట, పెద్దబంకూరు. సిమెంటు వద్దు, రెయిలింగు వద్దు. దారి తప్పకుండా అక్కడక్కడా నాలుగు రాతి గుర్తులు, ఊరూరా ఒక మంచినీళ్ల కుండ, ఏ దిబ్బ ఏమిటో చెప్పే తెలుగు బోర్డు ఉంటే చాలు. పంచాయతీలు తలుచుకుంటే పెద్ద ఖర్చేమీ కాదు. ఈ జిల్లాల బడులు ఏడాదికొకసారి పిల్లల్ని ఈ ఒడ్డుకు నడిపించినా చాలు, మిగతాది పిల్లలే చూసుకుంటారు.

నడవాలనుకునేవాళ్లు సంక్రాంతి నుంచి శివరాత్రి లోపల బయలుదేరండి, ఎండ ముదరదు. ఇసుకలోకి దిగేముందు పై ప్రాజెక్టు గేట్లు ఎత్తారేమో ఒడ్డు ఊళ్లో అడగండి. కుండపెంకు కనిపిస్తే అక్కడే వదిలేయండి. నాణెం దొరికితే జేబులో వేసుకోకండి: 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన ఏ నిక్షేపం దొరికినా కలెక్టరుకు తెలియజేయాలి, ఆ చట్టం ఇప్పటికీ అమల్లోనే ఉంది.