సహకరించడం లేదట!

మన కంటి ఆసుపత్రుల్లో ఓ వింత రోగం ఉంది. ఏ వైద్య గ్రంథంలోనూ కనపడదు, ఓపీ చీటీల మీదే కనపడుతుంది. దాని పేరు ‘నాట్ కోఆపరేటివ్’. పిల్లాడు సహకరించడం లేదట! ఆ ముక్క గీకేస్తే డాక్టరుగారి బాధ్యత తీరిపోయింది. నెక్స్ట్!

ఎలా సహకరిస్తాడండీ? ఆటిజం ఉన్న ఆరేళ్ల పిల్లాడు. రెండు గంటలు క్యూ. నెత్తిమీద ట్యూబులైటు జుయ్యిమంటుంది. మైకులో టోకెన్ల కేకలు. ముక్కూమొహం తెలియని మనిషి గడ్డం పట్టుకుని కంట్లో చుక్కలు వేస్తాడు. ఆనక గోడమీది అక్షరాలు చదవమంటాడు. మాటే రాని పిల్లాడు చదవాలి! వాడు గావుకేక పెడతాడు. జనమంతా తల్లివైపు చూస్తారు, ‘పెంపకం’ అన్నట్టు.

చార్టు చదవకపోతే చూపు కొలవలేరా? భేషుగ్గా కొలవొచ్చు. రెటినోస్కోప్ అనే పరికరం ఉంది. కంట్లోకి వెలుతురు వేసి, అది తిరిగొచ్చే తీరు చూసి పవర్ లెక్కగడతారు. పిల్లాడు నోరు విప్పక్కర్లేదు. ఆరు నెలల పసికందుకి అలాగే చూస్తున్నారుగా? ఆ పసికందు పెద్దబాలశిక్ష చదివొచ్చిందా? కాస్త పెద్దవాడైతే ఇల్లు, ఆపిల్ బొమ్మల కార్డులున్నాయి. చెప్పక్కర్లేదు, జత కలిపితే చాలు. ఇవేవీ బయటికి తియ్యకుండా తప్పు పిల్లాడి మీదకి నెట్టెయ్యడమా? ఆడలేక మద్దెల ఓడు!

ఓపిగ్గా చూసే డాక్టర్లు లేరా? ఉన్నారు. వాళ్ల అడ్రసులు తల్లుల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటాయి, పసరు మందిచ్చే స్వామి అడ్రసులా.

మెల్లకన్ను, అద్దాలు కావలసిన చూపు ఈ పిల్లల్లో మిగతావాళ్లకంటే ఎక్కువ. కానీ ఎవరిక్కావాలి? టీవీకి మొహం ఆనించి చూస్తున్నాడా? ఆటిజమమ్మా. తల వంచి ఓరగా చూస్తున్నాడా? ఆటిజమే. మెట్లు దిగడానికి జంకుతున్నాడా? ఇంకేముంది, అదే! ఉత్త అన్నం, చిప్సు తప్ప ముట్టని పిల్లాడికి విటమిన్ ఏ తగ్గి రేచీకటి వచ్చినా ఆ ఖాతాలోనే జమ. చూపు మందగించిన కన్ను, అదే ‘లేజీ ఐ’ని, ఏడెనిమిదేళ్లలోపు పట్టుకుంటే దారిలో పెట్టడం తేలిక. తర్వాత కష్టం. ఇక్కడ లేజీ ఏదో, కన్నో డాక్టరు కుర్చీయో, మీరే తేల్చండి.

సర్కారు కాగితాలకేం, పుష్కలం! 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం. పుట్టిన దగ్గర్నుంచి 18 ఏళ్లదాకా పరీక్షలు. జాబితాలో చూపు లోపమూ ఉంది, ఆటిజమూ ఉంది. రెండూ ఒకే పిల్లాడికి ఉండొచ్చన్న ఊహ మాత్రం ఎవరికీ తట్టదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 వైకల్యాలు, వాటిలో ఆటిజం. 2018లో తెలంగాణ, 2019లో ఆంధ్రప్రదేశ్ ‘కంటివెలుగు’ పేరుతో కంటి పరీక్షలన్నాయి. ఆంధ్రలో ముందు బడిపిల్లలకే. మంచిదే. ‘మావల్ల కాదు’ అని బడి గేటు దగ్గరే తిప్పి పంపిన పిల్లాడో? వాడి కళ్లకి వెలుగు అక్కర్లేదా?

ఏటా ఏప్రిల్ 2న మాత్రం హడావుడే హడావుడి. ఆటిజం అవగాహన దినం. భవనాలకి నీలం దీపాలు, సెల్ఫీలు. ఆ దీపాలు ఆ పిల్లాడికి కనపడుతున్నాయో లేదో చూసిన మహానుభావుడు ఒక్కడైనా ఉన్నాడా?

అడిగేది ఆకాశంలో చుక్కలు కాదు. మొదటి టోకెన్, మోత లేని గది, ఇవాళ కుదరకపోతే రేపు మళ్లీ రమ్మనే ఓపిక. అంతే.

అమ్మా, ఈసారి చీటీ మీద ఆ ముక్క రాస్తే తీసుకోకండి. కుర్చీలోంచి లేవకండి. ‘రెటినోస్కోప్ ఎక్కడుంది సార్?’ అని అడగండి.